ఊరు తినేసిన పుస్తకం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. అనాంగ్ ముసలాయన కళ్ళు చచ్చాక చారెడు కాదు, చేటంతయ్యాయి. ఆ కళ్ళకి అద్దాలు మార్పించమంటే మూడేళ్ళపాటు రేపూ మాపూ అని తిప్పిన కొడుకు ఒబ్లీ, ఇప్పుడు లార్యే కొట్టు ముందు కారాపి, నల్లచొక్కా ఇస్త్రీ చెదరకుండా దిగి, "మా నాన్నంటే పుస్తకం, పుస్తకమంటే మా నాన్న, మేస్త్రీ! పెట్టె చూసి ఊరు నోరెళ్ళబెట్టాలి" అన్నాడు.

లార్యే చిత్రిక పట్టడం ఆపలేదు. యాభై ఒక్కేళ్ళ మనిషి. నాలుగో తరగతి సగంలో బడి మానేసి మేనమామ దగ్గర ఉలి పట్టాడు. అప్పట్నుంచీ ఈ సముద్రపొడ్డు ఊరు టేషీలో పోయినవాళ్ళకి శవపెట్టెలు చేస్తున్నాడు. ఇక్కడ జాలరి చేప ఆకారం పెట్టెలో పోతాడు, లారీ డ్రైవరు లారీలో పోతాడు, ఉల్లిపాయలమ్మిన ముసలమ్మ ఉల్లిపాయలో పోతుంది. బతికున్నప్పుడు మనిషి మొహం చూడనివాళ్ళు కూడా పెట్టె మొహం చూడ్డానికి ఎగబడతారు. ఆ ఎగబడ్డం మీదే లార్యే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి పైకేమీ అనడు. లోపల అనుకోనిదంటూ లేదు.

"ఏ పుస్తకం?" అన్నాడు.

"ఏ పుస్తకమేంటి? పుస్తకం. పెద్దది. బైబిలే అనుకో. మా చర్చి సంఘంవాళ్ళు చేపల్నీ విమానాల్నీ ప్రార్థనకి రానివ్వరుగా. బైబిలైతే పరవాలేదన్నారు. అంచులకి బంగారు రంగు కొట్టు."

"ఎప్పటికి?"

"వచ్చే శనివారానికి."

"తొమ్మిది రోజుల్లోనా?"

"ఏం చెయ్యమంటావు? ఆ తర్వాత సోమవారం పూజారులు సజ్జలు చల్లేస్తారు కదా!"

సజ్జలు చల్లారంటే ఇక నెలరోజులు ఊళ్ళో డప్పు మోగకూడదు, సుత్తి మోగకూడదు, శవం లేవకూడదు. పంట పండుగకి ముందు నేల నిద్రపోవాలి, దాని నిద్ర చెడగొట్టకూడదు. ఆ సంగతి పుట్టినప్పట్నుంచీ అందరికీ తెలుసు. అయినా సరే, ఏ గుడ్డ కట్టుకోవాలి, ఏ బ్యాండు పిలవాలి, పందిట్లో ఎన్ని కుర్చీలు వెయ్యాలి అని తేల్చుకోలేక నాలుగు నెలలు ముసలాయన్ని ఆసుపత్రి ఐసు పెట్టెలో పెట్టి, ఇప్పుడు తోకకి నిప్పంటుకున్నట్టు పరిగెత్తుకొచ్చారు.

లార్యే చిత్రిక పక్కన పెట్టాడు. "ఆ ట్రంకు పెట్టె ఎక్కడుంది?"

"ఏ ట్రంకు?"

"మీ నాన్న పుస్తకాలది. అందులో అట్ట లేని పుస్తకం ఒకటుంది. అది నాకు..."

"ఆ, ఆ. అన్నీ గదిలో ఉన్నాయి, తాళమేశాం" అని ఒబ్లీ గడియారం చూసుకున్నాడు. "ఆయన భూమిలోకి వెళ్ళందే ఆయన వస్తువు పూచికపుల్ల కూడా కదపకూడదు. అంతా అయ్యాక పెద్దలు కూర్చుంటారు, ఎవరికేది చెందాలో చెప్తారు. ఆచారం, మేస్త్రీ. నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నాలుగు నెలల కింద ముసలాయన పోయిన మర్నాడు ఇదే మాట ఇదే నోటితో చెప్పాడు. ఆచారమే కదా అని లార్యే తల వంచుకుని ఆ గుమ్మంలోంచి వెనక్కొచ్చాడు. ఆచారం అనేది తలవంచేవాడికే ఉంటుందని అప్పటికి తెలియలేదు.

డబ్బు మొత్తం ముందే ఇచ్చేసి ఒబ్లీ కారెక్కాడు.

ఆ అట్టలేని పుస్తకం కథ ఇది. అనాంగ్ రేవులో సరుకు లెక్క రాసేవాడిగా ఉండగా, ఓడలో వంటవాడెవడో రెండు అనాసపళ్ళకి దాన్ని ఇచ్చిపోయాడు. అప్పటికే అట్ట లేదు, మొదటి కాగితాలూ లేవు. దాని పేరేంటో, రాసిందెవరో ఇద్దరికీ ఏనాడూ తెలియలేదు. 'ఆవు దావా' అనేవారు. ఏదో చలిదేశంలో ఒక విధవరాలి ఆవుని ఊరిపెద్ద తోలుకుపోతాడు. ఆవిడ దావా వేస్తుంది. పదకొండేళ్ళు నడుస్తుంది ఆ దావా. అంతే కథ.

అంతేనని మొదటి ఏడు లార్యే కూడా అనుకున్నాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు. మౌనం నెలలో కొట్టు మూసుకుని ఈగలు తోలుకుంటుంటే, అనాంగ్ పిలిచి, "ఒరే, ఊరికే కూర్చుంటే ఒంటికి తుప్పు పడుతుంది. ఇది ఓ పేజీ నువ్వు చదువు, ఓ పేజీ నేను చదువుతాను" అన్నాడు. నాలుగో తరగతి ఇంగ్లీషు. మొదట్లో, పొద్దున మొదలుపెడితే పది గంటలకి ఒక పేజీ అయ్యేది. మాటమాటకీ తడబడి, సిగ్గుతో చెమట్లు పట్టి, మధ్యలో మొక్కజొన్న కెంకీ ముద్దా వేయించిన చేపా తిని, మళ్ళీ మొదలు. ఆ మొదటి ఏడు ఆవిడ గెలుస్తుందా లేదా అన్నదొక్కటే ఆత్రం. గెలిచింది. ఆవుని తిరిగి ఇవ్వమని తీర్పొచ్చింది. అప్పటికి ఆవు చచ్చి ఎన్నేళ్ళయిందో, దాని తోలు తెచ్చి ఇచ్చారు. లార్యే కోపంతో పుస్తకాన్ని గోడకి కొట్టబోయాడు. అనాంగ్ పకపకా నవ్వి చెయ్యి పట్టుకున్నాడు.

రెండో ఏడు మళ్ళీ అదే పుస్తకం తీశాడు. "చదివేశాంగా అతా!" అన్నాడు లార్యే, తండ్రిని పిలిచినట్టే. "నువ్వు చదివింది కథరా. పుస్తకం ఇంకా అలాగే ఉంది" అన్నాడు ముసలాయన.

అలాగే ఉంది. నిజంగానే ఎప్పటికప్పుడు కొత్తగా ఉంది. రెండో ఏడు కోర్టు గుమాస్తా వేసే జోకులకి నవ్వొచ్చింది. మొదటిసారి అవి జోకులని కూడా తెలియలేదు. ఐదో ఏడు న్యాయమూర్తి మీద జాలేసింది. లార్యే పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయిన ఏడు, విధవరాలు రాత్రిపూట ఖాళీ పాకలో చేటలో గడ్డి పెట్టి వచ్చే పేజీ దగ్గర ఆగి, పుస్తకం అనాంగ్ చేతిలో పెట్టేశాడు. అంతకుముందు ఎనిమిదిసార్లు ఆ పేజీ మీదుగానే నడిచాడు, కాలికేమీ తగల్లేదు. ఇక విధవరాలి చెల్లెలు. ఆవిడ సాక్ష్యం చెప్పడానికి బోను ఎక్కే చోటికొచ్చేసరికి, చెప్పబోయేది అబద్ధమని ముందే తెలుసుండి కూడా, ఈసారైనా నిజం చెబుతుందేమోనని ప్రతి ఏడూ ముందుకి వంగి కూర్చునేవాడు. అదేం పిచ్చో! లోకం మీద నమ్మకం ఎప్పుడో పోయినవాడికి ఆ చెల్లెలి మీద మాత్రం ఏడాదికోసారి నమ్మకం పుట్టేది.

అంచుల్లో పోట్లాడుకునేవారు. అనాంగ్ సన్న పెన్సిలుతో రాసేవాడు, లార్యే వడ్రంగి ఎర్రపెన్సిలుతో జవాబు రాసేవాడు. మిగిలిన మొదటి పేజీలోనే అనాంగ్ 'ఈవిడకి ఆవు కన్నా పంతం ఎక్కువ' అని రాశాడు. దాని కింద లార్యే లావుపాటి అక్షరాలతో 'ఆవు ఆవిడది' అని రాశాడు. ఇరవై ఒక్కేళ్ళు అదే తగువు. ఎక్కడా తెగలేదు. తెగితే మళ్ళీ చదవడమెందుకు?

పోయిన ఏడు చివరి పేజీ అయిపోయాక లార్యే నోరు తెరిచి అడిగాడు. "అతా, దీన్ని నాకిచ్చెయ్యండి."

"ఇస్తే నువ్విక నా గుమ్మం తొక్కవురా" అని ముసలాయన నవ్వాడు. "వచ్చే ఏడు చూద్దాంలే."

వచ్చే ఏడు వచ్చింది. ఆయన రాలేదు.

ఒబ్లీ వచ్చిన రోజు సాయంత్రం పని కట్టేసి లార్యే కూడలికి నడిచాడు. అక్కడ ఆయెలే కెలెవెలె బండి. పండిన అరటికాయ ముక్కలకి అల్లం, మిరపకాయ నూరి పట్టించి నూనెలో వేయిస్తుంది. ఊరు ఊరంతా ఆ వాసనకే కూడలికొస్తుంది. ఎప్పట్లాగే పొట్లం అందుకుని, నిలబడే నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని, చెయ్యి తుడుచుకుందామని కాగితం విప్పాడు.

నూనెలో తడిసిన అక్షరాల మధ్య 'తోలు' అనే మాట కనిపించింది. అంచున ఎర్రపెన్సిలు గీత ఉంది.

చూపుడువేలు పెట్టి ఒక్కో మాటా చూశాడు. విధవరాలు తోలుని ఇంటికి తెచ్చి, రెండ్రోజులు దాన్ని చూస్తూ కూర్చుని, మూడో రోజు దాన్ని కోసి, అబద్ధం చెప్పిన చెల్లెలి పిల్లలకి చెప్పులు కుట్టే పేజీ అది. చివరి పేజీకి ముందుది. అంచున తన చేత్తో రాసిందే: 'నేనైతే కుట్టను'. దాని కింద సన్న పెన్సిలుతో: 'అందుకే నీకు ఆవు లేదు'.

"ఆయెలే!"

"ఏంటన్నా, కారం తగిలిందా?"

"ఈ కాగితం ఎక్కడిది?"

"కాగితం కాగితాల కొట్టుది. నువ్వేమన్నా మొహం కడిగి అడుగుతున్నావా? ఇటు జరుగు, వెనక జనం ఉన్నారు."

లార్యే బండి పక్కకి వెళ్ళి కింద చూశాడు. అక్కడుంది ట్రంకు. పచ్చరంగు, తుప్పు పట్టిన గొళ్ళెం, మూత మీద రేవు ముద్ర. సగానికి పైగా ఖాళీ.

"ఇదెవరిచ్చారు నీకు?"

"ఎవరిస్తే నీకెందుకు?" అని ఆయెలే గరిటె నూనెలో కొట్టింది. ఆ తర్వాత అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఒబ్లీ అమ్మాడు. రెండు నెలలైంది. గది అద్దెకివ్వాలట, తూకానికి తీసుకో అన్నాడు. తీసుకున్నా. తప్పా?"

"చచ్చినవాడి వస్తువు, భూమిలో పెట్టకుండానే..."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నా? కొడుకు అమ్మాడు, నేను కొన్నా. ఆచారం ఆయనకి గుర్తు చెయ్యి, నాకు కాదు. నేను నూనెతో వేగుతుంటా."

"అట్టలేని పుస్తకం. అది మాత్రం ఇచ్చెయ్."

ఆయెలే ఉప్పు డబ్బా వెనకాల్నుంచి దాన్ని తీసింది. నూనె మరకలు పడి, సగం సన్నమైపోయి, పక్షి ఈకలు పీకినట్టుంది. "ఇదా? నేను వెనకనుంచి చింపుతానన్నా, చేతికి వాటంగా ఉంటుంది. ఈ వారమంతా ఇదే చింపా."

"వెనకనుంచా?" అని లార్యే అరిచాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "మరి ఈ పొట్లం చివరి పేజీ పక్కది. అది ఇవాళెలా వచ్చింది?"

"చింపింది చింపినట్టు డబ్బాలో వేసుకుంటా. చెయ్యి పెడితే ఏదొస్తే అది. నీకు దొరికింది చూడు, అదే ఆఖరిది. డబ్బా ఖాళీ."

"మిగతావి?"

"మిగతావి టేషీ తినేసింది." ఆయెలే నవ్వబోయి ఆపుకుంది. "అన్నా, నాకేం తెలుసు? అచ్చు మంచిది, రంగు అంటదు, పొట్లానికి మెత్తగా ఒదుగుతుంది అనుకున్నా. నీదని మీద రాసుందా?"

రాసుంది. ప్రతి పేజీలోనూ రాసుంది, ఎర్రగా, లావుగా. చదివేవాడు కావాలి.

అప్పటికప్పుడే పక్క కొట్లో తెల్లకాగితం రీము ఒకటి కొనుక్కొచ్చి ఆమె బండి మీద పడేసి, మిగిలిన సగం తీసుకున్నాడు. నూట ముప్పై ఎనిమిదో పేజీ దాకా ఉంది. ఆ తర్వాత దారాలకి వేలాడే చింపులు.

ఇంటికొచ్చి ఒబ్లీకి ఫోను చేశాడు. ఏమడగాలో, ఎలా తిట్టాలో దారంతా కూడబలుక్కున్నాడు గానీ, ఫోను ఎత్తగానే వేరే మాట వచ్చింది. "పెట్టె కొలతలు సరిచూసుకుందామని. అన్నట్టు, ఆ ట్రంకు జాగ్రత్తగానే ఉందిగా?"

"గదిలోనే ఉంది మేస్త్రీ, తాళం నా జేబులో ఉంది. నీ పుస్తకం ఎక్కడికీ పోదు" అన్నాడు ఒబ్లీ, తడుముకోకుండా.

లార్యే ఫోను పెట్టేశాడు. అమ్మినందుకు అంత మండలేదు. దరిద్రం, తొందర, తెలియనితనం, ఏదో ఒకటి అనుకోవచ్చు. తండ్రిని పుస్తకమని ఊరికి చూపించి చప్పట్లు కొట్టించుకుందామనుకుంటూ, ఆ తండ్రి పుస్తకాన్ని అరటికాయ ముక్కలకి అప్పజెప్పడం, పైగా జేబులో తాళం ఉందనడం! లార్యేకి ఒళ్ళు భగ్గుమంది. ముందు పొట్లం ఆకారంలో పెట్టె చేద్దామనుకున్నాడు. పెద్ద కాగితం పొట్లం, పైన నాలుగు అరటికాయ ముక్కలు. గీత కూడా గీశాడు. తర్వాత ముసలాయన అందులో పడుకోవాలి కదా అనిపించి, ఆ కాగితం ఉండచుట్టి పొయ్యిలో పారేశాడు. ఆయన మీద కోపం లేక కాదు. వచ్చే ఏడు చూద్దాంలే అన్న మాట ఇంకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. కానీ ఆ లెక్క వేరు.

శుక్రవారం పొద్దున పుస్తకాన్ని పనిబల్ల మీద పెట్టుకుని, అది చూస్తూ చెక్కడం మొదలుపెట్టాడు.

ఎనిమిది రోజులు. తేలిక కర్ర, పల్చటి పలకలు. పెట్టె మూత అట్ట కాదు, మొదటి పేజీయే. అట్ట ఎప్పుడూ లేదుగా. పేజీ మీద వరసలు బొగ్గురంగులో, అంచున సన్నగా బూడిదరంగు రాత, దాని కింద లావుగా ఎర్ర రాత. ఒక పక్క కుట్టు దారాలు బయటికి కనిపించేలా తాడు నులిమి అంటించాడు. పేజీల దొంతర పైసగం నున్నగా గీతలు గీతలుగా. కింద సగం దగ్గరికొచ్చేసరికి ఉలి తిరగేసి పట్టాడు. కర్రని చెక్కలేదు, చీల్చాడు. పీలికలు పీలికలుగా, మొండి మొండిగా, చెయ్యి పెడితే గుచ్చుకునేలా. చివరికి మైనం, పసుపుచాయ వార్నీషు కలిపి అక్కడక్కడ నూనె మరకలు పోశాడు. ఇంత శ్రద్ధగా అతను ఏ చేపకీ పొలుసులు చెక్కలేదు.

ఆచారం ప్రకారం పెట్టె మీద గుడ్డ కప్పి ఉంచుతారు, సమాధి రోజు పందిట్లోనే తీస్తారు. ముందే చూడ్డం అశుభం. ఆచారాన్ని అంత గట్టిగా పట్టుకునే ఒబ్లీ ఒక్కసారైనా వచ్చి తొంగి చూడలేదు.

శనివారం ఒబ్లీ ఇంటి ముందు పందిరి కిటకిటలాడింది. నలుపూ ఎరుపూ గుడ్డలు, ఇత్తడి బాకాల బ్యాండు, మూడు వందల కుర్చీలు. ముందు వరసలో అనాంగ్ అక్క. ఎనభై దాటిన మనిషి, ఊరంతా అమ్మని పిలిచినట్టు ఆవో అంటుంది. కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఒబ్లీ మైకు పట్టుకుని, "నా తండ్రి చేతిలో పుస్తకం లేని రోజు నాకు గుర్తు లేదు" అన్నాడు. గొంతు జీర కూడా పోయింది. జనం అయ్యో అన్నారు. అప్పుడు గుడ్డ లాగారు.

ముందు చప్పట్లు మొదలయ్యాయి. తర్వాత ఒక్కో చెయ్యీ ఆగిపోయింది. బాకా ఊదేవాడు సగం రాగంలో వదిలేశాడు.

"మేస్త్రీ!" అని ఒబ్లీ మైకులోనే అరిచాడు. "ఇదేంటి? బైబిలన్నాను కదా!"

"బైబిలే అనుకో అన్నావు. నేననుకోలేకపోయాను" అన్నాడు లార్యే, కదలకుండా. "మీ నాన్నంటే పుస్తకమన్నావు. మీ నాన్న పుస్తకం ఇదే. నువ్వు ఎంత మిగిల్చావో అంతే చేశాను."

సంఘం పెద్ద కళ్ళద్దాలు సర్దుకుని వంగి చదివాడు. "'ఆవు ఆవిడది'. ఇది ఏ వాక్యం? ఏ అధ్యాయంలోది?" ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ముడుచుకుని, ఇది గుళ్ళోకి రాదని తేల్చేశాడు.

"ఇంకోటి చెయ్యి! ఇప్పుడే!" అన్నాడు ఒబ్లీ.

"చేస్తాను. ఎల్లుండి సజ్జలు చల్లుతారు. నెల పోయాక సుత్తి పడతాను. అందాకా మీ నాన్న ఐసులో ఉంటాడు. నాలుగు నెలలున్నవాడికి ఇంకో నెల ఎంత?"

అప్పుడు ఆవో లేచింది. కర్ర టకటకలాడించుకుంటూ పెట్టె దగ్గరికొచ్చి, చీలిన వైపు అరచెయ్యి పెట్టి తడిమింది. గుచ్చుకుంటే చెయ్యి తీసింది.

"నాకు చదువు రాదు" అంది. "కానీ నా తమ్ముడి పుస్తకం నేనెరుగుదును. ఏటేటా వాకిట్లో కూర్చుని ఈ మేస్త్రీ, వాడూ దాని మీద కీచులాడుకునేవాళ్ళు. అప్పుడది చిరిగి లేదు. ఎవరు చింపారు?"

ఒబ్లీ మైకు చేతులు మార్చుకున్నాడు.

"నిన్నే ఒబ్లీ. ఎవరు చింపారు?"

"అదీ... ఆవో... పాతదయింది కదా..."

"నేను చింపాను ఆవో!" అని వెనకవరసలోంచి ఆయెలే లేచింది. తలగుడ్డ బిగించుకుని, రెండు చేతులూ నడుం మీద పెట్టి. "అందరూ నన్ను చూడక్కర్లేదు, మీరంతా తిన్నారు! నాకమ్మింది ఈయన. ట్రంకుతో సహా. తూకం రాయి కూడా ఈయనే పట్టుకున్నాడు."

ఆ తర్వాత ఎవరేమన్నారో విడివిడిగా వినపడలేదు. భూమిలో పెట్టకుండా సొత్తు అమ్మాడన్న మాట కుర్చీ నుంచి కుర్చీకి దూకింది. పెద్దలు ఒబ్లీ చుట్టూ మూగారు. "తాళం జేబులో ఉందన్నావుగా, తియ్యి!" అని లార్యే ఒక్క కేక వేశాడు. ఆవో తన విసనకర్ర తీసుకుని ఒబ్లీ చెంప మీద ఒక్కటి, మెల్లగానే, వేసింది. ముసలి చెయ్యి, దెబ్బేం తగల్లేదు. కానీ మూడు వందల మంది చూశారు.

"ఎత్తండి" అంది. "నా తమ్ముడికి ఇదే నచ్చుతుంది."

ప్రార్థన వాకిట్లోనే జరిగింది. చిరిగిన పుస్తకం ఆరుగురి భుజాల మీద టేషీ వీధుల్లో తిరిగింది. ఎర్ర రాత చదవగలిగినవాళ్ళు చదవలేనివాళ్ళకి చదివి చెప్పారు. లార్యే వెనకాల నడిచాడు. తృప్తిగా ఉంటుందనుకున్నాడు. ఏమీ లేదు. ఒబ్లీ పరువు పోయింది, నిజమే. పోయిన పరువు నెల్లాళ్ళలో తిరిగొస్తుంది. డబ్బున్నవాడిది ఇంకా ముందే వస్తుంది. పేజీలు రావు.

సోమవారం సజ్జలు చల్లారు. మంగళవారం పొద్దున ఊరు చెవిలో దూది పెట్టుకున్నట్టుంది. లార్యే కెంకీ, చేప తెచ్చుకుని, అనాంగ్ వాకిలి వైపు నాలుగడుగులు వేసి, అక్కడ అద్దెకొచ్చినవాళ్ళు బట్టలారేస్తున్నారని గుర్తొచ్చి, వెనక్కి తిరిగి తన కొట్టు గడపలోనే కూర్చున్నాడు. సగం పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. చెయ్యి మొదటి పేజీకి పోలేదు, నేరుగా చివరికి పోయింది, పుండు మీదికి పోయినట్టు. నూట ముప్పై ఎనిమిది. చెల్లెలు బోను ఎక్కింది. గౌను సర్దుకుంది. న్యాయమూర్తి, ఆవు ఎవరిదని అడిగాడు. ఆమె నోరు తెరిచి...

అక్కడికి కాగితం అయిపోయింది.

నీడ పడితే తలెత్తాడు. ఆయెలే. చేతిలో పొట్లం, తెల్లకాగితంలో.

"తీసుకో, ఊరికే. అన్నా, ఒకటడుగుతా. ఊరంతా నన్నే అడుగుతున్నారు, ఆ కథేంటి, ఏమైందీ అని. పొట్లం కాగితంలో చెల్లెలెవరో సాక్ష్యం చెప్పిందని ఉందట. ఆవిడ చివరికేం చెప్పింది?"

"నువ్వే కదా అమ్మావు. తిన్నవాళ్ళని అడుగు."

"అబ్బ, చెప్పన్నా."

"అబద్ధం చెప్పింది."

"సొంత చెల్లెలే?"

"సొంత చెల్లెలే."

"ఎందుకూ?"

లార్యే దారాలకి వేలాడే చింపుల్ని వేలితో తడిమాడు. ఎందుకన్నది తర్వాత ఇరవై పేజీల్లో ఉంది. పిల్లల ఆకలి అనేవాడు అనాంగ్. కాదు, చిన్నప్పట్నుంచీ అక్క మీదున్న ఏడుపు అనేవాడు తను. ఆ పేజీల అంచులన్నీ నల్లగా ఎర్రగా నిండిపోయి ఉండేవి. తనకి ప్రతి మాటా గుర్తుంది. కానీ మాట గుర్తుండటం వేరు, ఆ పేజీ తిప్పుతూ ఈసారి మనసు ఎటు మొగ్గుతుందోనని చూసుకోవడం వేరు. ఈ ఏడు ఎటు మొగ్గేదో ఇక ఎప్పటికీ తెలియదు.

"ఎందుకో కావాలంటే మొదట్నుంచి వినాలి. ఇలా కూర్చో" అన్నాడు, తిట్టినట్టే.

"ఇప్పుడా? పొయ్యి మీద నూనె పెట్టొచ్చా. ముక్కలో చెప్పెయ్యన్నా."

"ముక్కలో! ముక్కలే కదా నీకు తెలిసింది! పో!"

ఆమె చెయ్యి విదిలించి నడిచింది. నాలుగడుగులు పోయాక లార్యేకి ఆగలేదు. లేచి నిలబడి, మౌనం నెలని కూడా మరిచిపోయి, వీధంతా మారుమోగేలా అరిచాడు: "ఆవు ఆవిడది!"

"మేస్త్రీ! నేల నిద్రపోతోంది!" అని గోడవతల నుంచి ఎవరో కసిరారు.

లార్యే కూర్చున్నాడు. ఉలితో ఎర్రపెన్సిలు చెక్కాడు. మొదటి పేజీ తీసి, గొంతు తగ్గించి పైకి చదివాడు. తర్వాతి పేజీ ముసలాయనది. అది కూడా తనే చదివాడు. మళ్ళీ మొదటి పేజీకి తిప్పాడు. 'ఈవిడకి ఆవు కన్నా పంతం ఎక్కువ', 'ఆవు ఆవిడది', ఆ రెంటి కింద వేలెడు జాగా మిగిలింది. అందులో, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రాశాడు: 'ఇచ్చేసినా వచ్చేవాణ్ణి, ముసలాడా'.

పెన్సిలు ముల్లు విరిగింది. మళ్ళీ చెక్కుకుని, మూడో పేజీ తిప్పాడు.